మల్చింగ్ షీట్ ముక్కలు: ట్రాక్టర్ దిగకముందే షీట్ చేనులోంచి బయటికి రావాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రావులపాలెం దగ్గర లంకలో రెండెకరాలు కౌలుకి తీసుకుని నాలుగేళ్లుగా పచ్చిమిర్చి వేస్తున్నారు. ఏటా మల్చింగ్ షీట్ (కలుపు రాకుండా, తేమ పోకుండా బెడ్ల మీద కప్పే ప్లాస్టిక్ పొర) పరిచి, పంట అయ్యాక చేతికి వచ్చినంత లాగేసి, మిగిలింది మట్టిని తిరగేసే రోటవేటర్ కిందికి పోనిస్తున్నారు. ఇప్పుడు ఎక్కడ తవ్వినా ముక్కలే. భూమి ఆసామి నేల పాడైపోయిందని గొడవ పెడుతున్నారు. ఆ ముక్కలు పొడై కాయల్లోకి వస్తాయని ఎవరో అంటే మీకు టెన్షన్ పట్టుకుంది. షీట్ మానేయాలా, నేల మళ్లీ బాగవుతుందా, మట్టిలో కలిసిపోతుందని అమ్ముతున్న కొత్త రకం షీట్ కొనవచ్చా, ఇవీ మీరు అడిగినవి.

నేను డ్రిప్ కంపెనీలో పదహారేళ్లు ఫీల్డ్‌లో పనిచేశాను. గోదావరికి రెండు వైపులా షీట్ ఎలా పరవాలో నా చేత్తో ఎంతమందికి చూపించానో లెక్క లేదు. తియ్యడం ఎలాగో మాత్రం ఒక్కరికీ సరిగా చెప్పలేదు. ఆ బాధ నాకుంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నేల పోయిందా అన్న భయం ముందు తీర్చుకుందాం. లెక్క వేద్దాం. నాలుగు అడుగుల వెడల్పు, 25 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 400 మీటర్ల చుట్ట ఒక్కొక్కటి 11 కిలోలు తూగుతుంది. బెడ్డుకీ బెడ్డుకీ అయిదు అడుగులు పెడితే ఎకరానికి దాదాపు ఏడు చుట్టలు పడతాయి. అంటే సుమారు 75 కిలోల ప్లాస్టిక్ ఏటా ప్రతి ఎకరంలోకీ మనమే మోసుకొస్తున్నాం. మీరు రాసినదాన్ని బట్టి అందులో పావు వంతు లోపల ఉండిపోతోందనుకుందాం. ఏడాదికి 19 కిలోలు. నాలుగేళ్లకి 75. ఒక పంట షీట్ మొత్తం మీ నేలలోనే కూర్చున్నట్టు.

పావు వంతు అని గాలివాటుగా అనలేదు. షీట్ పరిచేటప్పుడు రెండు అంచులనీ ఆరేసి అంగుళాలు మట్టిలో పూడుస్తాం కదా. 48 అంగుళాల షీట్‌లో ఆ రెండూ కలిపి 12. పంట చివర్లో ఒకసారి బెడ్డు పక్కన కూర్చుని చూడండి. పైన ఎండకి కాలిన భాగం వేలితో నొక్కితే ఎండుటాకులా చిట్లుతుంది. మట్టిలో ఉన్న అంచు కొత్తదానిలా మెత్తగా, సాగుతూ ఉంటుంది, ఎండ తగల్లేదు కాబట్టి. ఈ రెండూ కలిసేచోట, సరిగ్గా మట్టి గీత దగ్గర, లాగగానే చర్రున చిరుగుతుంది. నడుమ భాగం చేతికొస్తుంది, రెండు అంచులూ నేలలో ఉంటాయి. మనం షీట్ తీసేశామనే అనుకుంటాం. వారం తర్వాత రోటవేటర్ దిగి ఆ రెండు పట్టీలనీ తరిగేస్తుంది. మీ పొలంలో దొరుకుతున్న ముక్కల్లో ఎక్కువ ఆ అంచులవే అయ్యుంటాయి, మెత్తగా సాగుతున్నాయో లేదో లాగి చూడండి.

ఇక 75 కిలోలంటే ఎంత ప్రమాదం? ఈ విషయంలో మనకన్నా ముందు దెబ్బ తిన్నది చైనా. 1970ల చివర్లో జపాన్ నుంచి ఈ పద్ధతి తెచ్చుకున్నారు. దిగుబడులు పెరిగాయని తెల్ల విప్లవం అన్నారు. వాళ్ల షీట్ మరీ పలచన, 8 మైక్రాన్లు. అది తీయడానికి రాదు, చేతిలోనే చిరిగిపోతుంది. కొన్నేళ్లకి షిన్‌జియాంగ్ పత్తి చేలల్లో దున్నితే ప్లాస్టిక్ లేచే పరిస్థితి వచ్చింది, అదే తెల్ల కాలుష్యం అయింది. 2018 నుంచి కనీసం 10 మైక్రాన్లు ఉండాలని ప్రమాణం మార్చారు. నేలలో మిగిలే ముక్కలు హెక్టారుకి 75 కిలోలు దాటకూడదని 2010లోనే హద్దు పెట్టుకున్నారు, మన లెక్కలో ఎకరానికి 30 కిలోలు. అక్కడి పరిశోధనలన్నీ కలిపి 2019లో చేసిన విశ్లేషణ ఒకటుంది. షీట్ వల్ల దిగుబడి సగటున 24 శాతం పెరిగిందని అదే చెప్పింది, నేలలో ముక్కలు హెక్టారుకి 240 కిలోలు దాటితే దిగుబడి గట్టిగా పడిపోతోందనీ అదే చెప్పింది. ఎకరానికి 97 కిలోలన్నమాట.

మీరు 30 దాటేశారు, 97కి ఇంకా చేరలేదు. ఇలాగే చేస్తే వచ్చే పంటకి గీత దగ్గరికి వెళ్తారు, ఆ పై పంటకి దాటేస్తారు. ఆసామికి ఇదే చెప్పండి: నేల పోలేదు, కానీ ఈ ఏడే ఆపాలి. ఎకరంలో పై ఎనిమిది అంగుళాల మట్టి సుమారు 10 లక్షల కిలోలు ఉంటుంది. అందులో ప్లాస్టిక్ 75 కిలోలు.

నా అంచనా మీద ఆధారపడొద్దు, మీరే కొలుచుకోవచ్చు. చేను నాలుగు మూలల్లో, నడిమధ్యన, మొత్తం ఐదు చోట్ల ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఎనిమిది అంగుళాల లోతు తవ్వండి. ఒక్కో గుంట మట్టిని పెద్ద టబ్బులో నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, తెల్లారి చేత్తో బాగా పిసికి కలపండి. పాలిథిన్ నీటికన్నా తేలిక, మట్టి వదిలితే పైకి తేలుతుంది. టీ వడకట్టుతో తీసేయండి, వేళ్లకి తగిలినవి కూడా ఏరండి. శుభ్రంగా కడిగి ఎండబెట్టి, బంగారం కొట్టులో ఉండేలాంటి చిన్న కాటాలో తూచండి. ఐదింటి సగటు గ్రాములని 43.5తో గుణిస్తే ఎకరానికి ఎన్ని కిలోలో వస్తుంది, ఎందుకంటే ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. నా సొంత చేనులో సగటు 0.6 గ్రాములు వచ్చింది, అంటే 26 కిలోలు. ఒకే ఒక్క ఏడాది కూలీలు దొరక్క, మబ్బు కమ్ముకొస్తోందని, షీట్ ఉండగానే రోటవేటర్ వేయించాను. ఆ ఒక్క రోజు పని ఫలితం అది. ఇప్పటికీ ఏరుతూనే ఉన్నాను.

ఈ తూకంలోకి వచ్చేవి కంటికి కనబడేవి మాత్రమే. 5 మిల్లీమీటర్లకన్నా చిన్న ముక్కని మైక్రోప్లాస్టిక్ అంటారు, అందులో చాలా భాగం వడకట్టులోంచే జారిపోతుంది. ఒక చదరపు మీటరు షీట్ బరువు 23 గ్రాములు. అది మిల్లీమీటరు ముక్కలైతే 10 లక్షల ముక్కలు. అందుకే నేను ముక్కలు పెద్దగా ఉన్నప్పుడే తియ్యమని మొత్తుకునేది. అరచేతంత ముక్కని ఏ కూలీ అయినా వంగి తీస్తుంది, మిల్లీమీటరు ముక్కని ఎవరు తీస్తారు?

ఇంతకీ అవి నేలలో చేసేదేమిటి? కిందటేడాది ఒక వంగ మొక్క ఎదగకుండా గిడసబారిపోతే పీకి చూశాను. తల్లివేరు నాలుగు అంగుళాలు దిగి, అక్కడ ఒక నల్ల పట్టీ అడ్డం తగిలి, ఎల్ ఆకారంలో పక్కకి తిరిగిపోయింది. ఆ పట్టీ మీద నీరు నిలిచి పాచి వాసన వస్తోంది, దాని కింద మట్టి పొడిగా ఉంది. పెద్ద ముక్కల పని ఇదే, వేరుకీ నీటికీ అడ్డం. చిన్నవి మట్టి గుల్లతనాన్ని మారుస్తాయి, మందుల అవశేషాలని తమకి అంటించుకుని ఉంచుకుంటాయి. వానపాములు వాటిని మట్టితో పాటు మింగి లోతుకి తీసుకెళ్తాయి. మోతాదు బాగా పెంచి ల్యాబ్‌లో చూసినప్పుడు వానపాముల ఎదుగుదల తగ్గింది, చావులు పెరిగాయి. లంక ఒండ్రు నేలకి ఉన్న బలంలో సగం ఆ జీవాలదే, అందుకే నాకు కాయలకన్నా ముందు వాటి గురించే దిగులు.

కాయల సంగతి. మీరు చూస్తున్న ముక్కలు వేరులోంచి మొక్కలోకి వెళ్లే అవకాశమే లేదు. 2020లో గోధుమ, లెట్యూస్ మొక్కల మీద చేసిన పరిశోధనలో మైక్రాన్‌లో ఐదో వంతు ఉన్న ప్లాస్టిక్ పూసలు, పక్క వేరు పుట్టేచోట ఉండే సన్నని చీలికల్లోంచి లోపలికి వెళ్లడం చూశారు. అది నిజమే, కానీ అది ల్యాబ్‌లో కావాలని కలిపిన పూసలతో. మీ మిరపకాయ తినకూడదని దాన్ని రుజువుగా చూపించడం తప్పు. దానికి భయపడి పంట మానొద్దు. అలాగని ఏటేటా నేలలోకి కలుపుకుంటూ పోతే రేపు ఆ సైజుకి చేరే సరుకంతా మనం పోగేసి పెట్టినట్టే.

షీట్ మానేయాలా అన్నదానికి నా జవాబు: ఒక్కసారిగా మానక్కర్లేదు. వెండి రంగు పైకి వేస్తే తామర పురుగు తాకిడి తగ్గుతుంది, కలుపు కూలీ మిగులుతుంది, తేమ నిలుస్తుంది. ఇవి మీకూ తెలుసు. ఒక్క తుంగ మాత్రం షీట్‌ని కూడా పొడుచుకుని పైకొస్తుంది, ఆ చిల్లుల దగ్గరే తర్వాత చిరుగులు మొదలవుతాయి. తుంగ ఎక్కువున్న చేనైతే షీట్ పరిచేముందే దాని సంగతి చూడండి.

కొనేటప్పుడు చుట్టని కాటా మీద పెట్టించండి. లోపలి గొట్టం బరువు తీసేస్తే 11 కిలోలు రావాలి. 9 కిలోలే వస్తే అది 20 మైక్రాన్లే, కవరు మీద ఏం రాసున్నా సరే. ఆరేడు కిలోలే వస్తే అది 15 దగ్గరే ఉంటుంది, ముట్టుకోవద్దు. కొనేటప్పుడు మిగిలిన డబ్బు తీసేటప్పుడు కూలీకి రెండింతలు పోతుంది. ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. సరుకులు తెచ్చుకునే చేతిసంచి 120 మైక్రాన్లకి తగ్గకూడదని 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిబంధన ఉంది. చేనులో మూడు నాలుగు నెలలు ఎండకి కాలే షీట్‌ని మాత్రం 20కి, 15కి దించుకుంటూ పోతున్నాం. ఇది నాకు మింగుడుపడదు.

ఇప్పుడు అసలు పని, తియ్యడం. చివరి కోత అయిన పది పదిహేను రోజుల్లో తీసేయాలి. మళ్లీ చూద్దాంలే అని నెల వదిలేస్తే ఆ ఎండకే షీట్ పెళుసెక్కిపోతుంది. నాలుగైదు రోజుల ముందు నీళ్లు ఆపండి, మట్టి అంటుకోకుండా పొడిపొడిగా ఉండాలి. మొక్కల్ని పీకొద్దు. పీకితే వేరు ముద్దతో పాటు రంధ్రం చుట్టూ షీట్ చిరిగి వస్తుంది. కొడవలితో మొదట్లో కోసేయండి, మోళ్లు తర్వాత దుక్కిలో పోతాయి. ఆ తర్వాత పార పట్టుకుని బెడ్డు రెండు వైపులా పూడ్చిన అంచుల మట్టిని వదులు చేసుకుంటూ పోవాలి. అందరూ వదిలేసే పని ఇదే, షీట్ మొత్తం రావడానికి కీలకమూ ఇదే. అప్పుడు ఒక చివర నుంచి ఇద్దరు పట్టుకుని, లాగకుండా, వెదురు కర్రకి చాప చుట్టినట్టు చుట్టుకుంటూ రావాలి. మధ్యమధ్యలో దులపాలి. ఇలా చేస్తే మా చేనులో అంచులతో సహా వచ్చేస్తోంది. చేతితో లాగి తీసినదానికన్నా ఒక పూట పని ఎక్కువ, అంతే.

మన దగ్గర దీనికి గడువు పెట్టేది గోదారే. వరద ఎర్రనీళ్లు వచ్చేలోపు లంకలో ఒక్క మీటరు షీట్ కూడా ఉండకూడదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలన్నీ మునిగాయి కదా. నీరు తీశాక మా గట్టు మీద తుమ్మ కొమ్మలకి మనిషి ఎత్తున నల్ల పేలికలు వేలాడుతున్నాయి. మా షీట్ కాదు, పైన ఎవరిదో. మాది కింద ఎవరి చేనులోకి పోయిందో, ఏ పాయ వెంట అంతర్వేది దాకానో ఓడలరేవు దాకానో వెళ్లి సముద్రంలో కలిసిందో. గౌతమి వెంట పోతే కోరింగ మడ చెట్ల వేళ్లలో చిక్కుకుని ఉంటుంది. ఆ పేలికలు చూసినప్పటి నుంచి మే నెలాఖరు దాటి షీట్ ఉంచడం మానేశాను.

తీసినదాన్ని ఏం చేయాలన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. పాత సామాన్ల వాళ్లు డ్రిప్ పైపులు తీసుకుంటారు, షీట్ అంటే మొహం తిప్పేస్తారు, ఎందుకంటే తూకంలో సగం మట్టే ఉంటుంది. కాబట్టి దులిపి, రెండ్రోజులు ఎండబెట్టి, మళ్లీ దులిపి, గట్టిగా చుట్టి కట్టండి. నలుగురైదుగురు రైతులు కలిపి ఒకేచోట పోగేస్తే ఆటో నిండా అవుతుంది, అప్పుడు మాట్లాడటానికి వీలవుతుంది. గట్టు మీద తగలబెట్టడం మాత్రం వద్దు. ఆ నల్ల పొగ పీల్చేది చుట్టూ ఉన్నవాళ్లే, సగం కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్ మళ్లీ మీ గట్టు మీదే ఉంటుంది. మురుగు కాలువలో వేయడం ఇంకా ఘోరం. ఒక్క చుట్ట తూముకి అడ్డం పడితే వానాకాలంలో పైనున్న వరి మళ్లన్నీ మునుగుతాయి.

నేలలో ఇప్పటికే ఉన్నదానికి: ఈసారికి రోటవేటర్ మానేసి, పదునులో గొర్రు తోలించండి. గొర్రు పళ్లకి పట్టీలు చిక్కుకుని పైకొస్తాయి, వెనకాల ఇద్దరు గోనెసంచులతో నడిస్తే చాలావరకు ఏరేయవచ్చు. ఒక మంచి వాన పడ్డాక మళ్లీ ఒకసారి ఏరండి, మట్టి కడిగి ముక్కలు తేటగా కనిపిస్తాయి. గోరంత సైజుకన్నా చిన్నవాటి వెంట పడొద్దు, అది తెమిలే పని కాదు. తర్వాత జీలుగో పిల్లిపెసరో చల్లి కలియదున్ని, గెత్తం తోలండి. ప్లాస్టిక్ అరగదు కానీ నేల గుల్లబారి జీవం తిరిగొస్తుంది. ఇది చదువుతున్న డెల్టా వరి రైతులకి ఒక మాట: మెషీన్ నాట్లకి మ్యాట్ నారు పోసే షీట్ ముక్కలు మడిలో ఉండిపోతే, దమ్ము చేశాక గాలివాటు మూలకి తేలి చేరతాయి. తూము దగ్గర దోమతెర ముక్క కడితే చిక్కుతాయి.

కొత్త రకం షీట్ గురించి. ఇందులో రెండు జాతులున్నాయి, అమ్మేవాళ్లు రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతారు. ఒకటి మామూలు పాలిథిన్‌లోనే ఏదో కలిపి, ఎండకి త్వరగా తునకలయ్యేలా చేసినది, దాన్ని ఆక్సో రకం అంటారు. అది మాయమవదు, పొడవుతుంది, అంటే మీరు భయపడుతున్న మైక్రోప్లాస్టిక్‌నే త్వరగా తయారుచేస్తుంది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2021 జులై నుంచి దాన్ని నిషేధించారు. రెండోది నిజంగా సూక్ష్మజీవులు తినగలిగేది, పీబ్యాట్, పీఎల్ఏ లాంటి పదార్థాలతో చేస్తారు. దానికి యూరప్‌లో ఈఎన్ 17033 అనే ప్రమాణం ఉంది, మట్టిలో రెండేళ్లలోపు 90 శాతం అరగాలి. ఆ సర్టిఫికెట్ చూపించమనండి. 17088 అని చూపిస్తే అది వేరు, అది 58 డిగ్రీల దాకా వేడెక్కే కంపోస్టు యార్డుకి సంబంధించినది, మీ చేనుకి కాదు. నచ్చితే ముందు అడుగు ముక్క కొని నైలాన్ వల సంచిలో కట్టి మీ మట్టిలోనే పాతి, పంట కాలమంతా ఉంచి చూడండి. రెండెకరాలకీ ఒకేసారి కొనొద్దు.

నా మనసులో ఉన్నది చెప్పాలంటే, ఒక ఎకరంలో ఈ ఏడాది గడ్డి వేసి చూడండి. ఎకరం వరి కోస్తే సుమారు రెండు టన్నుల పైన గడ్డి వస్తుంది, ఎకరం కూరగాయలకి పరవడానికి అంతే కావాలి. కాలువ అవతల డెల్టాలో ఆ గడ్డిని తగలబెట్టేవాళ్లున్నారు, అడిగితే కట్టలు కట్టించుకోమంటారు. గడ్డికి తంటాలు లేకపోలేదు. ఇసుక పాలు ఎక్కువున్న చోట చెద పడుతుంది, ఎలుకలు చేరతాయి, మొదట్లో నత్రజని కాస్త ఎక్కువ వేయాలి, తామర పురుగుకి వెండి షీట్ చేసే మేలు ఇది చేయదు. కానీ పంట అయ్యాక తీసే పని లేదు. లంకలో అరటి ఆకు, చెరకు చెత్త, కొబ్బరి మట్టలు కూడా ఉచితంగా దొరికేవే.

చివరగా కౌలు మాట. ఏటా రైతు మారే నేలలో షీట్ ఎవరూ తియ్యరు, వచ్చే ఏడు నాదో కాదో అనుకుంటారు. వాళ్లని తప్పుపట్టలేను. ఆసామితో కూర్చుని షీట్ అంచులతో సహా తీసే కూలీలో సగం ఆయన భరించేలా, బదులుగా నేల మీకు కనీసం మూడేళ్లు ఉండేలా మాట తీసుకోండి. ఐదు గుంటల తూకం ఆయన ముందే వేయండి, గొడవ సగం అక్కడే తగ్గుతుంది. తూచాక ఆ ఐదు అంకెలు, మీ చుట్ట బరువు, మట్టి ఒండ్రా ఇసుకా అన్నది ఇక్కడే రాయండి. ఏరడానికి ఎన్ని రోజుల కూలీ పెట్టుకోవచ్చో అప్పుడు కూర్చుని లెక్కేద్దాం.